నౌక ఆగిన మూడు వారాలు

మారిషస్ రాజధాని పోర్ట్ లూయీలో విహార నౌక ఆగితే ప్రయాణికులకు దక్కేది సాధారణంగా ఒక పగలే. ఆ కాస్త వ్యవధిలో చూసే ద్వీపం అంటే నీలి సముద్రం, తెల్లని ఇసుక, చెరకు తోటల పచ్చదనం. రేవు ఒడ్డునే ఉన్న ఆప్రవాసీ ఘాట్ వైపు నడిచినవారికి మాత్రం మరో మారిషస్ కనిపిస్తుంది. ఒప్పంద కూలీలను దించుకోవడానికి బ్రిటిష్ ప్రభుత్వం 1849లో నిర్మించిన డిపో అది. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

1901 అక్టోబర్ చివర ఇదే రేవులో నౌషేరా అనే ఓడ ఆగింది. దక్షిణాఫ్రికా నుంచి స్వదేశానికి వస్తున్న ముప్పై రెండేళ్ల న్యాయవాది మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ అందులో ఉన్నారు. ఓడ దాదాపు మూడు వారాలు నిలిచిపోవడంతో ఆయన ఒడ్డుకు దిగి అక్కడి పరిస్థితులను తెలుసుకున్నారు. గవర్నర్ సర్ చార్లెస్ బ్రూస్ ఇంట ఒక రాత్రి అతిథిగా ఉన్నారు. పిల్లలను చదివించాలని, రాజకీయాల్లో పాలుపంచుకోవాలని భారతీయులకు హితవు చెప్పారు. ఆయన ప్రోత్సాహంతో 1907లో అక్కడికి వెళ్ళిన మణిలాల్ డాక్టర్ కోర్టుల్లో కూలీల పక్షాన నిలబడ్డారు. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసే కాలమది. 1968లో మారిషస్ తన స్వాతంత్ర్య దినంగా దండి యాత్ర మొదలైన మార్చి 12ను ఎంచుకుంది.

గాంధీ అక్కడ చూసిన జనసముదాయానికి మూలం ఎక్కడుంది? దాని తొలి అడుగు నేటి జార్ఖండ్ కొండల్లో ఉంది. ఛోటానాగ్‌పూర్‌లో తమ భూములను బయటివారికి కట్టబెట్టడంపై 1831-32లో కోల్ తిరుగుబాటు చెలరేగింది. దాన్ని సైన్యంతో అణచివేశారు. 1833లో బ్రిటన్ బానిసత్వ నిర్మూలన చట్టం చేయగానే చెరకు తోటల యజమానులకు కొత్త చేతులు కావలసివచ్చాయి. 1834 సెప్టెంబర్‌లో 36 మంది కొండ కూలీలు కలకత్తాలో ఐదేళ్ల ఒప్పందానికి కట్టుబడ్డారు. నెలకు ఐదు రూపాయల జీతం. అట్లాస్ అనే ఓడ నవంబర్ 2న వారిని పోర్ట్ లూయీలో దించింది. ఆ తేదీ నేడు అక్కడ జాతీయ సెలవు దినం. ఆ దారిలో మరో దాదాపు ఐదు లక్షల మంది వెళ్ళారు. వారిలో కోరంగి వంటి రేవుల నుంచి బయలుదేరిన తెలుగువారూ ఉన్నారు. ఉగాది ఆ దేశంలో ప్రభుత్వ సెలవు. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలకు వేదికైనదీ ఆ ద్వీపమే.

ఛోటానాగ్‌పూర్ మనుషులను దూరదేశాలకు పంపిన చరిత్ర ఇరవయ్యో శతాబ్దంలో మలుపు తిరిగింది. 1907లో టాటా ఉక్కు సంస్థ ఏర్పడింది. సింగ్‌భూమ్‌లోని సాక్చీ గ్రామం వద్ద కర్మాగారం లేచింది. 1919లో ఆ ఊరు జంషెడ్‌పూర్ అయింది. ఇప్పుడు మనుషులు ఇక్కడికి రావడం మొదలైంది. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల తెలుగువారు రైలెక్కి కొలిమి పనికి చేరారు. బిర్సా ముండా ఉల్గులాన్ తర్వాత ఆదివాసుల భూమి అన్యాక్రాంతం కాకుండా ఛోటానాగ్‌పూర్ కౌలుదారీ చట్టం వచ్చింది 1908లోనే. కర్మాగారం, రక్షణ చట్టం ఏడాది తేడాతో పుట్టాయి. వాటి మధ్య పేచీ నేటికీ తీరలేదు.

1925 ఆగస్టులో గాంధీ జంషెడ్‌పూర్ వచ్చారు. అక్కడి కార్మిక సంఘానికి అధ్యక్షుడు సి.ఎఫ్. ఆండ్రూస్. ఫిజీలో ఒప్పంద కూలీల దుస్థితిని లోకానికి చాటినవారాయన. గాంధీ చర్చల ఫలితంగా యాజమాన్యం సంఘాన్ని గుర్తించడానికి, తొలగించిన కార్యదర్శిని తిరిగి తీసుకోవడానికి ఒప్పుకుంది. మారిషస్‌లో కూలీలకు లేని సంఘబలం ఇక్కడ కార్మికులకు దక్కింది. అయితే ఆ రాజీ కర్మాగారం లోపలివారికి సంబంధించినది. ఆ నేలను వదులుకున్న ఆదివాసి ప్రశ్న గేటు బయటే ఉండిపోయింది.

ఆ ప్రశ్నే నేడు ‘1932 ఖతియాన్’ రూపంలో తిరిగి వచ్చింది. 1932 లేదా అంతకు ముందరి భూమి సర్వే రికార్డుల ఆధారంగా స్థానికతను నిర్వచించే బిల్లును జార్ఖండ్ శాసనసభ 2022 నవంబర్ 11న ఆమోదించింది. గవర్నర్ తిప్పి పంపితే 2023 డిసెంబర్‌లో మళ్ళీ ఆమోదించింది. దీని వెనుక ఉన్న ఆదివాసి ఆవేదనను ఓట్ల ఎత్తుగడగా కొట్టిపారేయడం అన్యాయం. నేల పోయింది, దానిపై లేచిన కొలువులు అధికభాగం ఇతరులకు పోయాయన్నది వారి ఫిర్యాదు. అదే సమయంలో మూడు నాలుగు తరాలుగా ఆ ఊళ్ళో బతుకుతున్న తెలుగు కార్మికుడి కుటుంబానికి క్వార్టర్ ఉందే తప్ప భూమి రికార్డు లేదు. ఒకరికి జరిగిన అన్యాయాన్ని సరిదిద్దడానికి మరొకరి శ్రమను లెక్కలోంచి తీసేయాలా? స్థానికతపై ఏ చట్టమైనా జవాబు చెప్పవలసిన ప్రశ్న ఇది.

మారిషస్‌లో కూలీ నంబరు రాసుకున్న డిపో పత్రం ఒకప్పుడు బందిఖానా చీటీ. ఇప్పుడు వారి మనుమల మనుమలు దాన్ని వెతికి వంశవృక్షం గీసుకుంటున్నారు. అట్లాస్ ఓడ ఎక్కినవారు కొండలు దిగింది 1932కు 98 ఏళ్ల ముందు. వారి వెనుక వెళ్ళి ఆ ద్వీపంలోనే స్థిరపడినవారి సంతతి నేడు తిరిగి వచ్చినా ఖతియాన్‌లో వారి పేరు ఉండదు. పరాయి ద్వీపం వారిని పౌరులుగా లెక్కించింది. పూర్వీకుల నేల మాత్రం వారిని కాగితం అడుగుతుంది.