రాబందులు పోయిన తరువాత

ప్రపంచంలో నేడు జీవించి ఉన్న పక్షిజాతులు సుమారు 11,000. వీటిలో 1,300కు పైగా జాతులు మన దేశంలో కనిపిస్తవి. బొటనవేలంత ఉండే తేనెపిట్ట మొదలుకొని మనిషి ఎత్తు నిలిచే సారస పక్షి వరకు ఎన్ని ఆకారాలో, ఎన్ని రంగులో! కాని ఈ వైవిధ్యం కేవలం కనులకు విందు చేయుటకు ఏర్పడినది కాదు. ప్రతి పక్షికి ప్రకృతిలో ఒక పని ఉన్నది. ఆ పనికి తగిన పనిముట్టు దాని శరీరంలోనే ఉన్నది.

పక్షి ముక్కును చూచి దాని వృత్తిని చెప్పవచ్చును. తేనెపిట్ట తన సన్నని వంకర ముక్కును పువ్వులో దూర్చి తేనె త్రాగుతుంది. ఆ పూటలోనే పుప్పొడిని ఒక పువ్వు నుంచి మరొక పువ్వుకు చేరవేస్తుంది. పికిలిపిట్ట పండ్లు తిని, గింజలను దూరంగా విసర్జించి, అడవికి విత్తనాలు చల్లుతుంది. పాతగోడలలో కాపురముండే గుడ్లగూబ రాత్రివేళ ఎలుకలను వేటాడి రైతుకు మేలు చేస్తుంది. పశువుల వెంట నడిచే తెల్లకొంగ, వాటి కాళ్ళ అలికిడికి పైకి లేచిన మిడతలను ఏరుకొని తింటుంది.

ఈ పనులను ఎవరూ వీటికి అప్పగించలేదు. వీటికి జీతబత్తెములు లేవు. కావుననే వాటి విలువ ఎంత అని లెక్కవేయుట మనకు అలవాటు కాలేదు. ఒక పక్షి తన పనిని మానుకొంటే ఏమగునో ఆ పక్షి లేకుండా పోయిన తరువాతనే తెలుస్తుంది. ఇట్టి కఠినమైన పాఠం 1990 తరువాత భారతదేశానికి అనుభవంలోకి వచ్చినది. ఆ పాఠం నేర్పిన పక్షి, ఎవరూ ప్రేమగా చూడని పక్షి: రాబందు.

రాబందు చేసే పని

రాబందును తలచుకొనగానే మనకు అసహ్యం కలుగుతుంది. పేదవానిని పీడించే వానిని రాబందుతో పోల్చుట మన భాషలో వాడుక. అయితే అదే భాషలో జటాయువు కథ కూడా ఉన్నది. సీతను రక్షించబోయి రావణుని చేత రెక్కలు తెగిన ఆ గృధ్రరాజును తెలుగువారు లేపాక్షిలో నేటికీ తలచుకొంటారు. ఈ రెండు భావాలలో ప్రకృతిశాస్త్రం సమర్థించేది రెండవదానినే.

ప్రపంచంలో 23 జాతుల రాబందులు ఉన్నవి. ఆసియా, ఐరోపా, ఆఫ్రికా ఖండాలలో 16 జాతులు, అమెరికా ఖండాలలో 7 జాతులు నివసిస్తవి. ఈ రెండు వర్గాలు వేరువేరు వంశాలకు చెందినవి. అయినను ఒకే పని చేయుట వలన రెండింటికీ బోడి తల, పెద్ద రెక్కలు ఏర్పడినవి.

మన దేశంలోని 9 జాతులలో తెల్లవీపు రాబందు, పొడవుముక్కు రాబందు, సన్నముక్కు రాబందు అను మూడింటి కథయే ఇక్కడ ముఖ్యం. తెల్లవీపు రాబందు బరువు సుమారు 5 కిలోలు. చాచిన రెక్కల వెడల్పు సుమారు 2 మీటర్లు. ఇంతటి పక్షి రెక్కలు ఆడించి రోజంతా ఎగురవలెనంటే దానికి తిండి చాలదు. కావున ఎండకు వేడెక్కి పైకి లేచే గాలిని ఆసరా చేసుకొని, రెక్కలు కదల్చకుండా గుండ్రంగా తిరుగుతూ పైకి పోతుంది. ఆఫ్రికాకు చెందిన ఒక జాతి రాబందు 1973లో ఐవరీ కోస్ట్ దేశంపై 11 కిలోమీటర్లకు మించిన ఎత్తులో విమానానికి తగిలినది. పక్షులు ఎగిరిన ఎత్తులలో అంతకు మించినది నమోదు కాలేదు.

మన రాబందులు కళేబరాన్ని వాసనతో కాక చూపుతో కనుగొంటవి. ఒకటి క్రిందికి దిగుట చూచి దూరాన ఉన్న మరొకటి వస్తుంది; దానిని చూచి ఇంకొకటి వస్తుంది. ఇట్లు కొద్దిసేపటిలో పదుల కొలది చేరి, ఒక పశువు కళేబరాన్ని ఎముకలు మాత్రం మిగిలేటట్లు తినివేస్తవి. మెడమీద ఈకలు లేకపోవుట వలన తల లోపలికి దూర్చినను మాంసం, రక్తం అంటుకొని నిలువవు. జీర్ణాశయంలోని ఆమ్లం చాలా తీవ్రమైనది. కుళ్ళిన మాంసంలోని అనేక వ్యాధిక్రిములు అందులో నశించిపోతవి. కుక్కను, ఎలుకను చంపగల క్రిములు కూడా రాబందు కడుపులో చాలవరకు అంతమవుతవి. ఇంతకంటె చౌకయైన పారిశుద్ధ్యశాఖ ఏ దేశంలోనూ లేదు.

భారతదేశంలో గోమాంసం తినేవారు తక్కువ, పశుసంపద ఎక్కువ. చనిపోయిన పశువు తోలు ఒలిచి, కళేబరాన్ని ఊరి వెలుపల పారవేయుట తరతరాల ఆచారం. మిగిలిన పని రాబందులది. అవి శుభ్రపరచిన ఎముకలను ఏరి అమ్ముకొని బ్రతికిన వారు ఉన్నారు. పార్శీలు తమ మృతదేహాలను రాబందులకు అర్పించుట మతధర్మంగా పాటించినారు. బొంబాయిలోను, సికిందరాబాదు పార్శీగుట్టలోను అందుకై కట్టిన మౌనమందిరాలు ఉన్నవి. 1980 దశకంలో దేశంలో సుమారు 4 కోట్ల రాబందులు ఉండేవని అంచనా. ప్రపంచంలోని పెద్ద వేటపక్షులలో అత్యధిక సంఖ్యలో ఉన్నది తెల్లవీపు రాబందేయని ఆనాటి శాస్త్రజ్ఞులు భావించినారు.

తలలు వాల్చిన పక్షులు

రాజస్థాన్ రాష్ట్రంలోని భరత్‌పూర్ పక్షి సంరక్షణ కేంద్రంలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి చెందిన విభు ప్రకాశ్ అను శాస్త్రజ్ఞుడు రాబందుల గూళ్ళను లెక్కించినాడు. 1987–88లో అక్కడ తెల్లవీపు రాబందులు 353 జతలు గూళ్ళు కట్టినవి. 1996 నాటికి అందులో సగం కూడా లేవు. మరికొన్ని ఏండ్లకు ఆ చెట్లపై ఒక్క గూడు కూడా మిగులలేదు. చెట్ల క్రింద చచ్చిన పక్షులు కనిపించినవి. బ్రతికి ఉన్నవి కూడా దినాల తరబడి మెడలు వాల్చి, కునుకుతున్నట్లు కూర్చొని, ఒకనాడు కొమ్మ నుంచి రాలిపడినవి.

ఇది ఒక్క భరత్‌పూర్ మాట కాదు. దేశమంతటా, నేపాల్‌లో, పాకిస్తాన్‌లో ఇదే స్థితి. 2000లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం రాబందులను తీవ్రమైన ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాలో చేర్చినది. 1992తో పోల్చితే 2007 నాటికి తెల్లవీపు రాబందులు వెయ్యింటికి ఒకటి చొప్పున మాత్రమే మిగిలినవి. తక్కిన రెండు జాతులు నూటికి 97 వంతులు నశించినవి. ఒకప్పుడు ఇంత సాధారణంగా ఉన్న పక్షి ఇంత త్వరగా అంతరించుట అరుదైన విషయం.

కారణం ఏమిటి? తిండి తక్కువైనదా? కాదు, కళేబరాలు కుప్పలుగా పడి ఉన్నవి. పురుగుమందులా? ఇతర దేశాలలో డి.డి.టి. వలన గ్రద్దల గ్రుడ్లు పగిలిపోయిన మాట నిజమే. కాని ఇక్కడ గ్రుడ్లతో పాటు పెద్ద పక్షులే చనిపోతున్నవి. అంటువ్యాధియా? చాలామంది శాస్త్రజ్ఞులు దీనినే నమ్మి, ఏదో కొత్త క్రిమి కోసం కొన్ని ఏండ్లు వెదకినారు. అది దొరకలేదు.

దొంగ దొరికిన విధం

2000లో అమెరికా దేశపు పశువైద్య శాస్త్రజ్ఞుడు లిండ్సే ఓక్స్, అతని సహచరులు పాకిస్తాన్‌లోని పంజాబు ప్రాంతంలో చనిపోయిన రాబందులను కోసి పరీక్షించుట ప్రారంభించినారు. నూటికి 85 పక్షులలో ఒకే లక్షణం కనిపించినది. గుండె, కాలేయం మొదలైన అవయవాలపై సున్నం పూసినట్లు తెల్లని పొర పేరుకొని ఉన్నది. అది యూరిక్ ఆమ్లం.

దీని అర్థం ఏమిటి? మనుషుల దేహంలో మాంసకృత్తుల వలన ఏర్పడే నత్రజని వ్యర్థం యూరియాగా మారి, మూత్రంలో కరిగి బయటకు పోతుంది. పక్షులలో అది యూరిక్ ఆమ్లంగా మారుతుంది. పక్షి రెట్టలోని తెల్లని భాగం అదే. మూత్రపిండాలు పని మానివేస్తే ఆ ఆమ్లం బయటకు పోలేక రక్తంలో నిండి, అవయవాలపై స్ఫటికాలుగా ఏర్పడుతుంది. కావున పక్షులు మూత్రపిండాలు చెడి చనిపోయినవని తేలినది. ఇక ప్రశ్న ఒక్కటే: మూత్రపిండాలను చెరచినది ఏది?

సీసము మొదలైన లోహాలు, పురుగుమందులు, క్రిములు అన్నింటి కోసం పరీక్షలు జరిగినవి. ఒక్కొక్క అనుమానితుడే నిర్దోషియని తేలినాడు. అప్పుడు ఓక్స్ బృందం ఆలోచనను మార్చినది. రాబందు తినేది పశువును. అయితే పశువు తినేది ఏమిటి? పశువైద్యులను, మందుల దుకాణాలవారిని విచారించగా, కొద్దికాలం క్రితమే విరివిగా వాడుకలోకి వచ్చిన ఒక మందు బయటపడినది. దాని పేరు డైక్లోఫెనాక్. నొప్పులు, వాపులు, జ్వరం తగ్గుటకు మనుషులు ఎప్పటినుంచో వాడుతున్న మందే. ధర చౌక. కుంటుతున్న ఎద్దుకు, పొదుగు వాచిన గేదెకు ఇదే సూదిమందు వేయుట 1990 దశకంలో మొదలైనది.

మూత్రపిండాలు చెడి చనిపోయిన 25 రాబందులను పరీక్షించగా, 25లోనూ ఆ మందు జాడ కనిపించినది. వేరే కారణాలతో చనిపోయిన 13 పక్షులలో ఒక్కదానిలో కూడా లేదు. ఆ మందు వేసిన పశుమాంసాన్ని బంధించిన రాబందులకు పెట్టగా అవి కూడా అదే విధంగా చనిపోయినవి. 2003లో ఈ సంగతి వెల్లడియైనది. 2004లో ‘నేచర్’ పత్రికలో ప్రచురితమైనది.

అయినను ఒక సందేహం మిగులుతుంది. మందు వేసిన పశువులన్నీ చావవు కదా! కొద్ది పశువుల వలన కోట్ల పక్షులు ఎట్లు నశించినవి? సూదివేసిన తరువాత మందు పశువు దేహంలో కొన్ని దినాలు ఉంటుంది. ఆ దినాలలో పశువు చనిపోతే ఆ కళేబరం విషమవుతుంది. ఒక్క కళేబరంపై పదుల కొలది పక్షులు వాలుతవి. వందలో ఒక్క కళేబరమైనా విషపూరితం కాకున్నను రాబందులు ఈ వేగంతో నశించునని గణితం చెప్పినది. మన దేశంలో పరీక్షించినప్పుడు నూటికి పది కళేబరాలలో మందు కనిపించినది. పైగా రాబందు ఏడాదికి ఒక్క గ్రుడ్డు పెడుతుంది. పిల్ల ఎదిగి గూడు కట్టుటకు అయిదేండ్లు పడుతుంది. ఇట్టి పక్షి నష్టాన్ని త్వరగా పూడ్చుకొనలేదు.

ఖాళీ అయిన స్థానం

రాబందులు పోయినను పశువులు చనిపోవుట ఆగలేదు. కళేబరాలు ఊరి వెలుపల, చెరువుల ప్రక్కన, కాలువల ఒడ్డున కుళ్ళినవి. ఆ తిండి మీద ఊరకుక్కలు పెరిగినవి. 1992 తరువాత కుక్కల సంఖ్య కనీసం 55 లక్షలు పెరిగినదనియు, కుక్కకాట్ల వలన రేబిస్ వ్యాధితో అదనంగా 47,000కు పైగా ప్రాణాలు పోయినవనియు 2008లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసినది.

2024లో ఇయాల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు మరొక లెక్క వేసినారు. పూర్వం రాబందులు ఎక్కువగా ఉండిన జిల్లాలలోని మరణాలను, అవి ఎన్నడూ అంతగా లేని జిల్లాలలోని మరణాలతో పోల్చినారు. రాబందులు పోయిన జిల్లాలలో మరణాల రేటు నూటికి 4 వంతులకు పైగా పెరిగినది. 2000 నుంచి 2005 వరకు అదనంగా చనిపోయినవారు సుమారు 5 లక్షలని వారి అంచనా. జీతం లేని ఆ పారిశుద్ధ్యశాఖ విలువ అప్పుడు లెక్కకు వచ్చినది.

తిరిగి వచ్చే దారి

2006లో భారత ప్రభుత్వం పశువులకు వాడే డైక్లోఫెనాక్ తయారీని నిషేధించినది. మెలాక్సికామ్ అను మరొక మందు పశువుకు గుణమిచ్చును గాని రాబందుకు హాని చేయదని అదే సంవత్సరం రుజువైనది. మనుషుల కొరకు తయారైన పెద్ద సీసాలను పశువులకు వాడుట కొనసాగినందున, 2015లో ఆ మందును 3 మిల్లీలీటర్ల చిన్న మోతాదులకు పరిమితం చేసినారు. అట్టి హాని చేసే కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ మందులను పశువైద్యంలో 2023లో నిషేధించినారు.

హర్యానాలోని పింజోరులో రాబందులను పెంచి, పిల్లలను పొదిగించే కేంద్రం ఏర్పడినది. అస్సాం, పశ్చిమ బెంగాల్, మధ్యప్రదేశ్ రాష్ట్రాలలోను, హైదరాబాదు నెహ్రూ జంతుప్రదర్శనశాలలోను ఇట్టి ప్రయత్నాలు సాగినవి. 2013లో తెలంగాణ ప్రాంతపు బెజ్జూరు అడవిలోని పాలరాపు కొండచరియపై పొడవుముక్కు రాబందులు కనబడినప్పుడు అటవీశాఖవారు వాటికి కావలి పెట్టినారు. నిషేధం తరువాత దేశంలో రాబందుల పతనవేగం తగ్గినది. కాని నాలుగు కోట్ల నుంచి వేలకు దిగిన సంఖ్య ఒక తరంలో తిరిగి పెరుగదు.

ఈ కథలో దుర్మార్గుడు ఎవరూ లేరు. రైతు తన ఎద్దు నొప్పి తగ్గవలెనని కోరినాడు. వైద్యుడు చౌకయైన మంచి మందు ఇచ్చినాడు. ఆ పశువు చనిపోయిన తరువాత దానిని తినేది ఎవరు అను ప్రశ్న మాత్రం ఎవరికీ తట్టలేదు. ప్రకృతిశాస్త్రం నేర్పవలసినది ఆ ప్రశ్ననే. పాఠశాల ఆవరణలో కాకి, గోరింక, పిచ్చుక వాలినప్పుడు వాటి పేరు చెప్పుటతో పాఠం ముగియదు. అది ఏమి తింటుంది, దాని పని ఏమి, అది రేపు రాకపోతే ఆ పని ఎవరు చేస్తారు అని విద్యార్థి అడుగగలిగితే పక్షిశాస్త్రం ప్రారంభమైనట్లే. రాబందు విషయంలో ఆ ప్రశ్న ఆలస్యంగా వచ్చినది. తక్కిన పక్షుల విషయంలో ఇంకా సమయం ఉన్నది.