స్టెంట్ నొప్పికి నల్లమందు ఎందుకు?

1804 ప్రాంతంలో జర్మనీలో సెర్ట్యూర్నర్ నల్లమందు నుంచి మార్ఫిన్‌ను వేరు చేశాడు. ఆ తర్వాత నొప్పి ఓర్చుకోలేనిదైతే వైద్యుడి చెయ్యి అటే వెళ్లేది. మార్ఫిన్ మెదడులో, వెన్నుపాములో నొప్పి కబురును అణిచేస్తుంది. నొప్పి పుట్టిన చోటుతో దానికి పెద్దగా పని లేదు.

ఆ చోటు వైపు దృష్టి తిప్పింది బ్రిటన్ శాస్త్రవేత్త జాన్ వేన్. ఆస్పిరిన్ లాంటి మందులు, నొప్పి పుట్టే చోట నొప్పిని రేపే ప్రోస్టాగ్లాండిన్లనే పదార్థాల తయారీని ఆపుతాయని 1971లో తేల్చాడు. 1982లో నోబెల్ పంచుకున్నాడు. కిడ్నీ నుంచి మూత్రాశయానికి మూత్రాన్ని తెచ్చే మూత్రనాళానికి ఈ సంగతి మరీ ముఖ్యం. రాయి అడ్డుపడితే కిడ్నీలో ప్రోస్టాగ్లాండిన్లు పెరుగుతాయి, రక్తప్రవాహం హెచ్చుతుంది, లోపలి ఒత్తిడి పెరిగి నడుం పక్కన మెలిపెట్టే నొప్పి వస్తుంది. 1978లో స్వీడన్ వైద్యులు ఆస్పిరిన్ కోవకే చెందిన ఇండోమెథాసిన్ ఇంజెక్షన్‌తో ఆ నొప్పికి చికిత్స చేసి ఫలితాలు ప్రచురించారు. నా దృష్టిలో అసలు మలుపు ఇదే: కారణం తెలిస్తే, మత్తు అక్కర్లేకుండా నొప్పి తగ్గించవచ్చు.

అదే ఏడాది అమెరికా వైద్యుడు రాయ్ ఫిన్నీ మూత్రం ఆగకుండా మూత్రనాళంలో పెట్టే, రెండు కొసలూ వంకీ తిరిగిన గొట్టం 'డబుల్ జె' స్టెంట్ గురించి రాశాడు. 1980లో మ్యూనిక్‌లో షాక్ తరంగాలతో శరీరం బయటి నుంచే రాయిని పగలగొట్టారు. సన్నటి ఎండోస్కోపులు మూత్రనాళంలోకి వెళ్లాయి. పెద్ద కోత పోయింది, రోగి ఆపరేషన్ అయిన సాయంత్రమే ఇంటికి వెళ్లగలిగాడు. స్టెంట్ బాధ మాత్రం అతనితోనే వెళ్లింది. కింది వంకీ మూత్రాశయాన్ని ఒరుసుకుంటుంది. మాటిమాటికీ మూత్రం వస్తున్నట్టుంటుంది, పోసినప్పుడల్లా అది స్టెంట్ గుండా పైకి ఎగదన్ని నడుం పట్టేస్తుంది.

1996లో అమెరికాలో మార్ఫిన్ కోవకు చెందిన ఆక్సీకోడోన్ మాత్ర ఆక్సీకాంటిన్ అమ్మకానికి వచ్చింది. నాడి, జ్వరం లాగే నొప్పినీ కొలవాలన్న ప్రచారం కూడా ఆ రోజుల్లోనే ఊపందుకుంది. చిన్న ఆపరేషన్లకూ చీటీలో ఇలాంటి ఓపియాయిడ్ (నల్లమందు కోవ) మాత్రలు చేరాయి. వాడగా మిగిలినవి ఇళ్లల్లో పడి ఉండి ఎవరెవరి చేతికో చిక్కాయి. పైగా ఈ మందులు మలబద్ధకం తెస్తాయి, మూత్రం ఆగిపోయేలా చేస్తాయి. మూత్రకోశానికి ఆపరేషన్ అయినవాళ్లకు ఇంతకన్నా తగని గుణం ఏముంటుంది?

వేరే దారి అప్పటికే ఉంది. ఒక్క మందు మీదే ఆధారపడకుండా, వేర్వేరు చోట్ల పనిచేసే మందుల్ని కలిపి వాడాలని డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కేలెట్ 1993లోనే వాదించాడు. స్టెంట్‌కు ఆ సూత్రం చక్కగా అతికింది. వేళకు పారాసిటమాల్, కిడ్నీలు బాగుంటే ఇబుప్రొఫెన్ లాంటిది, మూత్రనాళపు కండరాన్ని సడలించడానికి ప్రోస్టేట్ మందు టామ్సులోసిన్, మూత్రాశయం బిగుసుకోకుండా సోలిఫెనాసిన్. మిషిగన్ యూరాలజిస్టులు కలిసికట్టుగా ఓపియాయిడ్ చీటీలు తగ్గించారు. 2021లో వెలువడిన ఒక అమెరికన్ పరీక్షలో, మూత్రనాళంలోకి ఎండోస్కోపు పంపే యూరెటెరోస్కోపీ తర్వాత నొప్పి తగ్గించడంలో ఇబుప్రొఫెన్ కోవకు చెందిన కెటోరొలాక్ ఆక్సీకోడోన్‌కు తీసిపోలేదని తేలింది.

మన దేశం కథ వేరు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం భయంతో ఇక్కడ క్యాన్సర్ రోగులకు కూడా మార్ఫిన్ సరిగా అందలేదు. ఆ అన్యాయాన్ని మరిచి, ఓపియాయిడ్లన్నీ చెడ్డవనడం తప్పు. మరోపక్క విచ్చలవిడిగా వాడిన ఓపియాయిడ్ ట్రమడాల్‌ను 2018లో ఆ చట్టం కిందికి తెచ్చారు. మన ఊళ్లలో ఎక్కువ ప్రమాదం మందుల షాపులో అడిగి కొనే, ఇబుప్రొఫెన్ కోవకే చెందిన డైక్లోఫినాక్ నుంచే. కిడ్నీ జబ్బు పీడిస్తున్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో అది మరీ ప్రమాదకరం. అందుకే ఆస్పత్రి నుంచి బయల్దేరే ముందు కిడ్నీల పనితీరు చెప్పే మీ క్రియాటినిన్ ఎంతో, కడుపులో అల్సర్ ఉందో లేదో డాక్టరుకు చెప్పండి. స్టెంట్ ఏ తేదీన తీస్తారో అడిగి చీటీ మీద రాయించుకోండి.