ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు అందని వ్యాధి

సర్వీసులో ఉన్నన్నాళ్లూ మనకు తెలిసిన జబ్బు ఒకే పద్ధతిలో నడిచేది. మెడికల్ సర్టిఫికెట్ జతపరిచి సెలవు పెట్టడం, తగ్గాక ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇచ్చి డ్యూటీలో చేరడం. తగ్గిందనీ తగ్గలేదనీ చెప్పలేని జబ్బుకు ఆ పద్ధతిలో చోటు లేదు. మల్టిపుల్ స్క్లీరోసిస్ అటువంటిది. దాన్ని దీర్ఘవ్యాధిగా గుర్తించడానికి ఎంతకాలం పట్టిందో సోదర పెన్షనర్లకు మనవి చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మెదడులోనూ వెన్నుపాములోనూ నరాల పోగుల మీద, కరెంటు తీగకు తొడుగులాగా, మైలిన్ అనే పొర ఉంటుంది. శరీరాన్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే ఆ పొర మీద దాడి చేస్తుంది. పొర చెడినచోట నరం కబురు సరిగా మోయలేదు. చూపు మసకబారడం, కాళ్లు తడబడడం, తిమ్మిర్లు, విపరీతమైన నీరసం కనిపిస్తాయి. చాలామందిలో కొన్ని వారాలకు తగ్గి, మళ్లీ ఎప్పుడో తిరగబెడుతుంది.

ఇంగ్లండు రాజు మూడవ జార్జి మనుమడు అగస్టస్ డెస్టేకు 1822 డిసెంబరులో, 28వ ఏట, చూపు మసకబారింది. వైద్యం లేకుండానే తగ్గింది. తరువాత తిరగబెట్టి, ఏళ్లు గడిచేకొద్దీ నడక పోయింది. ఆయన అదంతా డైరీలో రాసుకున్నాడు. 1848లో మరణించేనాటికి ఆ జబ్బుకు పేరైనా లేదు. ఆ డైరీ చదివిన తరువాతి కాలపు వైద్యులు అది మల్టిపుల్ స్క్లీరోసిస్ అని తేల్చారు.

1868లో పారిస్‌లోని సాల్‌పెట్రియేర్ ఆసుపత్రి వైద్యుడు జాన్ మార్టిన్ షార్కో, రోగుల బాధలను, వారు చనిపోయాక మెదడులో కనిపించిన గట్టిపడిన మచ్చలను జతచేసి చూపాడు. ఆ మచ్చలే వ్యాధికి పేరయ్యాయి. పేరు వచ్చింది గాని మందు రాలేదు. ఆ తరువాత కూడా ఎందరో స్త్రీలను హిస్టీరియా అని తోసిపుచ్చారు. 1980లలో ఎం.ఆర్.ఐ. స్కానింగు వచ్చాక, మనిషి బతికుండగానే ఆ మచ్చలు కంటికి కనబడ్డాయి. 1993లో అమెరికాలో ఇంటర్‌ఫెరాన్ బీటా మందుకు అనుమతి లభించింది. ఆ పైన మెరుగైన మందులు వచ్చాయి. ఇవి తిరగబెట్టడాన్ని తగ్గిస్తాయే తప్ప వ్యాధిని మాన్పలేవు. కనుక చికిత్స ఏళ్లతరబడి సాగవలసిందే.

మన దేశంలో 1995 నాటి వికలాంగుల చట్టం జాబితాలో ఈ వ్యాధి పేరు లేదు. 2016 నాటి చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తిస్తూ, దీర్ఘకాలిక నాడీవ్యాధుల కింద దీన్ని చేర్చింది. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ప్రభుత్వోద్యోగిని తొలగించరాదని, హోదా తగ్గించరాదని, ఆ పని చేయలేకపోతే అదే జీతంతో మరో పోస్టు ఇవ్వాలని 20వ సెక్షన్ చెబుతుంది. జాబితాలో ఒక పేరు ఉండడానికీ లేకపోవడానికీ తేడా ఏమిటో ఫైళ్లు నడిపిన మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఈ వ్యాధి సాధారణంగా 20-40 ఏళ్ల మధ్య మొదలవుతుంది. అంటే మన పిల్లల వయసు, మనుమల వయసు. నిన్న బాగా నడిచిన కోడలు ఈరోజు లేవలేనంటే, అది సాకు అనుకోకముందు నరాల వైద్యునికి చూపించండి. రోగం తగ్గిందా అని అడగడం మాని, ఈరోజు ఎలా ఉందమ్మా అని అడగడం నేర్చుకుందాం.