కల్పవల్లి గుట్టలు, గాలిమరలు

అనంతపురం సీమలో ఏడాదికి కురిసేది సగటున 550 మిల్లీమీటర్ల వాన. అయితే ఇక్కడి కరువుకు ఆకాశాన్ని మాత్రమే తిట్టి లాభం లేదు. 1980ల నాటికి చెన్నేకొత్తపల్లి, రామగిరి, రొద్దం చుట్టుపక్కల గుట్టలు చాలావరకు బోడులయ్యాయి. వంటచెరకుకు కొట్టిన చెట్టు మళ్లీ చిగురించేలోగా జీవాలు మేసేవి. మిగిలినదాన్ని వేసవి మంటలు కాల్చేవి. పడిన కాస్త వాన ఎర్రమట్టిని వంకల్లోకి ఈడ్చుకుపోయి చెరువుల్లో పూడికగా పోసేది. రెవెన్యూ లెక్కల్లో ఆ నేలంతా బంజరు.

1985లో కేంద్రం జాతీయ బంజరు భూముల అభివృద్ధి బోర్డు పెట్టి, ఏటా 50 లక్షల హెక్టార్లు పచ్చబరుస్తామని ప్రకటించింది. లక్ష్యం ఘనమే. ఆచరణలో చాలాచోట్ల జరిగింది నీలగిరి మొక్కలు నాటి లెక్క చూపించడం.

దాదాపు ఆ కాలంలోనే, ఏ లక్ష్యమూ ప్రకటించకుండా, సి.కె. గంగూలీ, మేరీ వట్టమట్టం దంపతులు, వారి మిత్రులు చెన్నేకొత్తపల్లి దగ్గర 32 ఎకరాల బీడు కొన్నారు. 1990లో టింబక్టు కలెక్టివ్ మొదలైంది. జపాన్ రైతు మసనోబు ఫుకుఒకా రాతలు వారికి ప్రేరణ. నేలను మనం బాగుచేయనక్కర్లేదు, పాడుచేయడం మానితే అదే కోలుకుంటుందన్నది అక్కడ నేర్చిన పాఠం. వానను ఆపడానికి చిన్నచిన్న కట్టలు వేశారు, నిప్పును, మేతను అడ్డుకున్నారు. మోడుల్లో ప్రాణం ఇంకా ఉందని కొన్నేళ్లకే తేలింది.

సొంత భూమిలో ఇది చేయడం ఒక ఎత్తు, ఊరుమ్మడి గుట్ట మీద చేయడం ఇంకో ఎత్తు. 1990ల తొలి ఏళ్లలో ముష్టికోవెల ఊరివాళ్లతో మొదలైన రెండో ప్రయత్నమే కల్పవల్లి. ఒక్కో ఊరూ చేరుతూ అది ఏడు వేల ఎకరాలు దాటింది. ఇక్కడ అసలు శత్రువు గొడ్డలి కాదు, అగ్గిపుల్ల. ఎండిన బోదగడ్డిని తగలబెడితే తొలకరికి లేత మేత వస్తుందని కాపరుల నమ్మకం, అందులో కొంత నిజం లేకపోలేదు కూడా. కానీ ఆ మంటలో గింజలూ మొలకలూ పోతాయి. అందుకే ఎండాకాలం రాకముందే గుట్టల మీద గడ్డి కోసి అగ్గి అడ్డుగీతలు తీయడం, కావలి కాయడం, పొగ కనబడితే ఊరు ఊరంతా పచ్చికొమ్మలు పట్టుకుని పరుగెత్తడం ఏటేటా చేయాల్సి వచ్చింది. మొక్కలు నాటే రోజున ఫొటోకు నిలబడేవాళ్లు ఎప్పుడూ దొరుకుతారు. ఏప్రిల్ ఎండలో మంట ఆర్పడానికి వచ్చేవాళ్లే ఏ అడవినైనా నిలబెట్టేది.

ఫలితం ఊళ్లకే దక్కింది. వంకల పొడవునా ఈతచెట్లు లేచాయి, వాటితో బుట్టలూ చాపలూ అల్లుకున్నారు. బోదగడ్డి ఇంటికప్పుకు పనికొచ్చింది. వంకల్లో నీళ్లు ఎక్కువకాలం పారాయి. తోడేళ్లు, చిరుతలు తిరిగి కనిపించాయి. గొర్రెలున్నవాళ్లకు ఇది అంత సంతోషమైన వార్త కాదనుకోండి. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద గ్రామస్థులు తమ సంఘాన్నీ నమోదు చేసుకున్నారు. ఒక్కటే కొరత: గుట్టలు మాత్రం ప్రభుత్వ బంజరుగానే ఉండిపోయాయి.

ఇదే నేల సరిహద్దు దాటి కర్ణాటకలోకీ సాగుతుంది. తెలుగు ఇంటింటా వినిపించే బాగేపల్లిలో 1977 నుంచి పనిచేస్తున్న అడాట్స్ సంస్థ, కూలి సంఘాలను కట్టింది. క్యోటో ఒప్పందం కింద కార్బన్ క్రెడిట్ల దారి తెరుచుకున్నాక ఆ సంఘాలు దాన్ని వంటింటికి మళ్లించాయి. 5,500 కుటుంబాలకు రెండేసి ఘనపు మీటర్ల గోబర్ గ్యాస్ తొట్లు కట్టే పథకం 2005 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి దగ్గర నమోదైంది. ఆదా అయిన కట్టెలకూ కిరోసిన్‌కూ లెక్కకట్టి క్రెడిట్లు వచ్చేవి. పేడా నీళ్లూ కలిపి పోస్తే పొయ్యి వెలుగుతుంది, మిగిలిన ముద్ద చేనికి ఎరువు. కరువొచ్చి పశువులను అమ్ముకుంటే పొయ్యి ఆరిపోతుందన్నది నిజమే. అయినా స్వచ్ఛ ఇంధనం ఊరి చేతుల్లో ఉంటే ఎలా ఉంటుందో చూపిన ఉదాహరణ ఇది.

కల్పవల్లికి వచ్చిన స్వచ్ఛ ఇంధనం వేరు రకం. రామగిరి కొండలకు గాలిమరలు 1990ల మధ్యలోనే వచ్చాయి. యంత్రం ఖరీదును ఆదాయంలోంచి త్వరగా తగ్గించుకోనిచ్చే పన్ను రాయితీ ఉండటంతో, గాలికంటే పన్ను చూసి పెట్టుబడి పెట్టినవాళ్లూ ఉన్నారు. 2010 తర్వాత ఒక కంపెనీ మరలు కల్పవల్లి గుట్టలమీదకీ ఎక్కాయి, నలభైకి పైగా. రెవెన్యూ లెక్కల్లో అది బంజరే కాబట్టి అడ్డు లేకపోయింది. రెక్కలు మోసే భారీ లారీలు ఎక్కాలంటే గుట్టను కోసి వెడల్పాటి రోడ్లు వేయాలి. చెట్లు పోయాయి, తవ్విన మట్టి వానకు జారి వంకల్లో పడింది. ఇరవై ఏళ్లుగా ఊళ్లు నిలబెట్టిన నేలే మళ్లీ కోతకు గురైంది. 2013లో వ్యవహారం చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది.

గాలి కరెంటు వద్దనడం నా వాదన కాదు. బొగ్గు పొగ కంటే అది నయమని వేరే చెప్పాలా? చిక్కు చట్టంలో ఉంది. 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ జాబితాలో గాలి విద్యుత్తు లేదు. 2016లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దాన్ని తెల్ల వర్గంలో చేర్చింది, అంటే కాలుష్యం లేనట్టే. పొగ రాదు నిజమే, కానీ గుట్ట కోయడాన్ని ఏ పట్టికా లెక్కలోకి తీసుకోలేదు. అదే 2016లో ఇదే సీమలోని ఎన్.పి.కుంటలో వేల ఎకరాల సోలార్ పార్కు తొలి దశ మొదలైంది. ఈ సీమకు గాలీ ఎండా దండిగా ఉన్నాయి, కంపెనీలు ఇంకా వస్తాయి. వచ్చేలోగా ప్రభుత్వం చేయాల్సినవి రెండు. గ్రామస్థులు కాపాడిన ఉమ్మడి భూములను వారి సంఘాల పేరిట రికార్డుల్లో ఎక్కించాలి. గ్రామసభ అంగీకారం, ప్రభావ అంచనా లేకుండా అలాంటి గుట్ట మీద ఒక్క మరకూ అనుమతి ఇవ్వకూడదు.