పేలని తుపాకి చరిత్ర

ఖిలా వరంగల్ రాతికోటకు 45 బురుజులు వున్నవి. విద్యార్థులను అక్కడికి తీసుకువెళ్లిన ప్రతిసారీ వారు నన్నడిగే ప్రశ్న ఒకటే: "యింత కోట వుండి కూడా ఎందుకు ఓడిపోయారు, సార్?" మన పాఠ్యపుస్తకాలలో దీనికి రెండు జవాబులు దొరుకుతవి. ఒకటి ద్రోహం, రెండవది విధి. మూడవ ప్రశ్న వేయడానికి మనం అలవాటు పడలేదు. ఎవరి చేతిలో ఏ పనిముట్టు వున్నది? ఆ పూట అది పనిచేసిందా? పని చేయనప్పుడు దాన్ని బాగుచేయగలవాడు ఎవడు? ఈ ప్రశ్నను తుపాకికి మాత్రమే పరిమితం చేసి యిక్కడ కొంత చర్చించదలచాను.

నాకు ఈ ప్రశ్న గ్రంథాలు చదివితే తట్టలేదు. కాలేజీలో ఎన్.సి.సి.లో వున్న రోజులలో .22 శిక్షణ తుపాకి ఒకటి నా వంతుకు వచ్చింది. ఒకసారికి ఒకే తూటా పట్టే రకం. ట్రిగ్గరు నొక్కితే "టక్" మన్నది గాని పేలలేదు. ఏమయిందోనని తుపాకి పక్కకు తిప్పబోతే, వెనకనున్న హవల్దారు నా భుజం అదిమిపట్టాడు. "గొట్టం గురి వైపే వుంచు. ముప్పై లెక్కపెట్టు. ఆలస్యంగా పేలవచ్చు" అన్నాడు. తరువాత తూటా బయటికి తీసి, దాని అంచుమీద పడిన నొక్కు చూపాడు. ఆ నొక్కు చాలా పలుచన. మరొక తూటా పెట్టి చూశాడు. మళ్లీ అంతే. "రెండు తూటాలూ ఒకే విధంగా మొండికేస్తే తప్పు తూటాది కాదు, తుపాకిది" అని బోల్టు విప్పాడు. లోపల పాత గ్రీజు గడ్డకట్టి, తూటాను కొట్టవలసిన సూదిని బిగపట్టివుంచింది. తుడిచి బిగించాడు. పేలింది.

గుర్తునుబట్టి కారణానికి వెళ్లడం, ఒక్కొక్క కారణాన్నే వేరుచేసి పరీక్షించడం, అంతవరకు ఎవరినీ నిందించకపోవడం - ఆయన అయిదు నిమిషాలలో నేర్పిన పద్ధతి యిది. యింత ఓపిక మన చరిత్రకారులు పరాజయాల విషయంలో చూపలేదని నాకు ఆనాడే అనిపించింది.

1323 లో ఉలుఘ్ ఖాన్ సేనలు ఓరుగల్లును పట్టుకున్ననాడు యిక్కడ తుపాకి లేదు. రాళ్లు రువ్వే యంత్రాలు, బాణాలు, ముట్టడి తెచ్చిన ఆకలి - ఇవే ఆయుధాలు. దక్కనులో తుపాకి తరువాతి శతాబ్దాలలో వచ్చింది. మొదట వచ్చినది వెలుగుతున్న ఒత్తితో మందు అంటించే జామగీ తుపాకి. వాన పడితే ఒత్తి ఆరిపోతుంది, గాలి వీస్తే పళ్లెంలోని మందు ఎగిరిపోతుంది, రాత్రివేళ ఆ నిప్పే శత్రువుకు జాడ చెబుతుంది. తరువాత చెకుముకి తుపాకి వచ్చింది. నిప్పు దాచే బాధ పోయింది గాని, రాయి అరిగిపోయే బాధ వచ్చింది. 1807 లో ఫోర్సిత్ అనే స్కాట్లండు మతాచార్యుడు, దెబ్బ తగిలితే పేలే రసాయనంతో మందు అంటించే పద్ధతికి పేటెంటు పొందాడు. దానినుంచే కొంతకాలానికి రాగి "టోపీ" పుట్టింది. టోపీ తుపాకి వానలో కూడా చాలావరకు నమ్మదగినది. తెలంగాణలో ప్రతి పల్లెకూ తెలిసిన భర్మారు ఈ జాతిదే.

భర్మారు జబ్బులు నాకు వివరించినవాడు కోట సమీపాన పల్లెలోని ఒక వృద్ధ కమ్మరి. అడవిపందుల కాపలాకు వుంచుకున్న తుపాకులు ఒకనాడు ఆయన కొలిమికే వచ్చేవి. "టోపీ పేలి తుపాకి పేలకపోతే సందులో మసి వుంది, లేదా మందు చెమ్మగిల్లింది. టోపీయే పేలకపోతే టోపీ చెడింది, లేదా కమాను చచ్చి గుర్రం గట్టిగా కొట్టడం లేదు. ఎక్కుపెట్టిన గుర్రం ముట్టుకోకముందే జారితే లోపలి గాడి అరిగింది. అది అన్నిటికంటే చెడ్డ జబ్బు, బిడ్డా. పేలని తుపాకి పందిని బతికిస్తది, ఆగని తుపాకి పక్కోణ్ణి చంపుతది" అన్నాడు. గుర్రమంటే ట్రిగ్గరు నొక్కితే టోపీమీద పడే సుత్తి. హవల్దారు తర్కమూ కమ్మరి తర్కమూ ఒకటే. ఒకరికి సైనిక శిక్షణ నేర్పింది, ఒకరికి కొలిమి నేర్పింది.

అయితే ఆయన చెప్పినదానిలో మరొక విషయం వున్నది. మందు పల్లెలో నూరుకోవచ్చు. సీసం కరిగించి గుండ్లు పోసుకోవచ్చు. కమాను కొట్టుకోవచ్చు, గాడి ఆకురాయితో సరిచేసుకోవచ్చు. కాని టోపీ మాత్రం బజారులో కొనవలసిందే. తుపాకి నమ్మకంగా పేలడానికి ఏ వస్తువు తోడ్పడిందో, ఆ వస్తువే పల్లెను ఫ్యాక్టరీకి కట్టివేసింది. వెనకనుంచి తూటా ఎక్కించే రైఫిల్ వచ్చేసరికి ఈ బంధం సంపూర్ణమయింది. తూటా లేని రైఫిల్ చేతికర్రతో సమానం. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లలో 26 తుపాకులను పట్టుకున్నది. తుపాకులతోపాటు తూటాలనుకూడా తీసుకువెళ్లడంలో రహస్యమిదే. మన్యంలో విల్లును చెక్కుకోవచ్చు గాని తూటాను చేసుకోలేరు.

సామ్రాజ్యవాదులు ఈ సత్యాన్ని మనకంటే ముందుగా గ్రహించారు. 1857 తరువాత బ్రిటిషువారు భారతీయ సిపాయిలకు తమ సైనికులకంటే ఒక తరం వెనకబడిన తుపాకులనే యిస్తూ వచ్చారు. తెల్లవారి చేతికి మార్టిని-హెన్రీ వచ్చినప్పుడు నల్లవారికి స్నైడర్. వారికి లీ-మెట్‌ఫర్డ్ వచ్చాక వీరికి మార్టిని. 1878 ఆయుధాల చట్టం సామాన్య ప్రజల చేతినుంచి ఆ పాతవాటినికూడా తప్పించింది.

వారి తుపాకులు మొరాయించలేదని కాదు. 1885 జనవరి 17 న సూడానులోని అబూ క్లియా వద్ద మార్టిని-హెన్రీలు బిగుసుకుపోయినవి. పలుచని యిత్తడి రేకు చుట్టి చేసిన తూటా గుల్ల కాక తగిలి గొట్టంలో పట్టుకుని బయటికి రాలేదు. కాని ఆ సైన్యం వెనక ఫ్యాక్టరీలు వున్నవి, పరీక్షించే యింజనీర్లు వున్నారు. అతుకులేని యిత్తడి గుల్ల వాడుకలోకి వచ్చింది. సామ్రాజ్యం తుపాకి పేలకపోతే అది సాంకేతిక సమస్య అయింది. మన రైతు తుపాకి పేలకపోతే అది అతని తెలివితక్కువతనమయింది!

ఇక తెలంగాణ రైతాంగ పోరాటానికి వద్దాం. 1946 జులై 4 న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిననాడు తుపాకి దొర గడిలోనే వున్నది. ప్రజల చేతిలో కర్రలు, వడిసెలలు. తరువాత భర్మార్లు వచ్చినవి. బైరాన్‌పల్లిలో ప్రజలు బురుజుమీద భర్మార్లతో కాపలా కాచి రజాకార్లను తిప్పికొట్టారు. 1948 ఆగస్టు 27 న సైన్యం బలంతో రజాకార్లు విరుచుకుపడినప్పుడు తొంభైమందికి పైగా హతులయ్యారు. లెక్క వేసి చూడండి. ఆరితేరినవాడు భర్మారును నిమిషానికి రెండు మూడుసార్లు పేల్చగలడు. పది తూటాలు పట్టే .303 రైఫిల్ నిమిషానికి పదిహేను గురిచూసిన దెబ్బలు వేయగలదు. పైగా అది నడి వానకాలం. చెమ్మగిల్లిన మందుకు వీరత్వం తెలియదు. బైరాన్‌పల్లి బురుజు నిలవలేదని చెప్పేవారు, అది అన్ని రోజులు ఎట్లా నిలిచిందని అడగడం న్యాయం.

కొందరు మిత్రులు యిది యాంత్రిక భౌతికవాదమనవచ్చు. మనుషులను వదిలి కమానులను పట్టుకున్నానని ఆక్షేపించవచ్చు. నేను చెప్పేది అందుకు విరుద్ధం. కమానును కొట్టినవాడు మనిషే. పోరాట చరిత్రలలో "యిన్ని తుపాకులు స్వాధీనమయినవి" అని అంకెలు వ్రాస్తాము. వాటిలో ఎన్ని పేలినవో వ్రాయము. పేలనివాటిని రాత్రికి రాత్రి పేలేటట్లు చేసిన కమ్మరి పేరు అసలే వ్రాయము. వీరగాథ తుపాకి పట్టినవాణ్ణి పాడుతుంది. శ్రమను గౌరవించే చరిత్ర దాన్ని బాగుచేసినవాణ్ణి కూడా పాడాలి. మనమే ఆ పని చేయకపోతే ఆస్థాన చరిత్రకారులనుంచి ఆశించేదేమున్నది?

1946 ఆగస్టు 11 న ఈ ఖిలాలోనే జెండా ఎగరవేసిన సందర్భంలో రజాకార్లు బత్తిని మొగిలయ్యను హత్య చేశారు. కోటగోడల మధ్య ఆయన పక్షాన పేలిన తుపాకి ఏదీ లేదు. ఆనాడు లేని తుపాకిని గురించి, తరువాత దొరికి కూడా పేలని తుపాకిని గురించి, దాన్ని పేల్చడానికి కొలిమి ముందు కూర్చున్న మనిషిని గురించి మన విద్యార్థులు వ్రాయాలి. భర్మార్లు చేసిన, బాగుచేసిన వృద్ధులు యింకా అక్కడక్కడ వున్నారు. ఈసారి కోట చూడవచ్చే విద్యార్థులకు 45 బురుజులు లెక్కపెట్టే పని పెట్టను. పక్కవూరి కొలిమికి తీసుకువెళతాను.