కార్మిక పత్రికా సంపాదకుని వ్యక్తిగత పత్రాలు: లబాడీ సేకరణ

కార్మికోద్యమ చరిత్రకు పత్రిక ముఖ్యమైన ఆధారమని మీకు తెలుసు. అయితే పత్రికలో అచ్చయ్యేది సంపాదకుడు లోకానికి చెప్పదలచుకున్న మాట. దాని వెనుక సాగిన తర్జనభర్జనలు, సంఘంలోని విభేదాలు తెలియాలంటే అతని ఉత్తరాలు, కరపత్రాలు, పత్రికల కత్తిరింపులు చూడాలి. అవి మన దాకా ఎలా చేరతాయి? ఒక ఉదాహరణ పరిశీలిద్దాం.

జోసెఫ్ లబాడీ (1850–1933) అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో అచ్చుపని కార్మికుడు. నైట్స్ ఆఫ్ లేబర్ సంస్థను ఆ నగరానికి తెచ్చినవారిలో ఒకడు. మిచిగన్ రాష్ట్ర కార్మిక సమాఖ్యకు తొలి అధ్యక్షుడు. కార్మిక పత్రికలకు సంపాదకత్వం వహించాడు. ‘క్రాంకీ నోషన్స్’ అనే శీర్షిక నిర్వహించాడు. క్రమంగా రాజ్యాధికారాన్నే నిరాకరించే అరాచకవాదం వైపు మొగ్గాడు.

అతని భార్య సోఫీ నిష్ఠగల కాథలిక్కు. భర్త భావాలు ఆమెవి కావు. అయినా అతని కాగితాలను పారేయకుండా ఇంటి అటక మీద దాచింది. 1911లో అవి యాన్ ఆర్బర్‌లోని మిచిగన్ విశ్వవిద్యాలయానికి చేరాయి. గ్రంథాలయంలో అడుగుపెట్టినంత మాత్రాన అవి పరిశోధకులకు అందలేదు. ఏళ్ల తరబడి విప్పని కట్టలుగానే పడి ఉన్నాయి. 1920లలో ఆగ్నెస్ ఇంగ్లిస్ అనే ఉద్యమకారిణి జీతం ఆశించకుండా వాటిని సర్దడం మొదలుపెట్టింది. పాత ఉద్యమకారులకు ఉత్తరాలు రాసి మరెన్నో పత్రాలు రాబట్టింది. 1952లో మరణించేవరకు ఆ పని వదలలేదు.

సేకరణకు లబాడీ పేరే ఉంది. కాని అది నిలిచింది ఈ ఇద్దరు స్త్రీల శ్రమవల్ల. కాబట్టి ఏ పత్రం చేతికొచ్చినా, రాసినదెవరు అన్న ప్రశ్నతో ఆగకండి. దాచినదెవరు, సర్దినదెవరు, ఏమి మిగిలింది అని కూడా అడగండి. మరొక సంగతి గమనించండి. ఒకరి కాగితాలలో సాధారణంగా వారికి వచ్చిన ఉత్తరాలుంటాయి. వారు రాసినవి అందుకున్నవారి దగ్గర ఉంటాయి. ఒక్క సేకరణ చదివితే సంభాషణలో సగమే విన్నట్లు.

పాలకుల కాగితాలు దాచడానికి ప్రభుత్వ కార్యాలయాలున్నాయి. కార్మికుని కాగితానికి చాలాసార్లు అటకే దిక్కు. ఇల్లు మారినప్పుడో, పెద్దవారు పోయినప్పుడో అది పాత కాగితాలవాడి తూకంలోకి వెళ్తుంది. దానితోపాటు ఒక సమ్మె జ్ఞాపకమూ పోతుంది.

అభ్యాసం: మీ ప్రాంతంలోని బీడీ, చేనేత, రైల్వే లేదా గని కార్మిక సంఘంలో పనిచేసిన ఒక పెద్దను కలవండి. వారి దగ్గరున్న కరపత్రాలు, రసీదులు, ఉత్తరాల జాబితా రాయండి. ప్రతి దానికీ తేదీతోపాటు ఇన్నాళ్లూ దాన్ని భద్రపరచినవారి పేరు కూడా చేర్చండి.