సూర్యుని మీద మోపిన నేరం

1877లో మద్రాసు రాజధాని కరువులో వుంది. ధాత నామ సంవత్సరంలో మొదలయింది కనుక మనవాళ్ళు దాన్ని ధాత కరువు అన్నారు. బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలలో జనం పిల్లాజెల్లాతో రోడ్ల మీద పడ్డారు. ఆ యేడాదే లండను పత్రిక వొకదానిలో సూర్యబింబం మీది మచ్చలకూ కరువులకూ గల సంబంధాన్ని గురించి వొక వ్యాసం వెలువడింది. వ్రాసినవారు యిద్దరు. వొకరు పేరు మోసిన ఖగోళ శాస్త్రజ్ఞుడు నార్మన్ లాకియర్; మరొకరు భారత ప్రభుత్వ గణాంక శాఖకు అధిపతి విలియం హంటర్. మద్రాసు వర్షపాతం లెక్కలను 1813 నుంచీ తిరగవేసి హంటర్ అప్పటికే వొక సిద్ధాంతం లేవదీసి వున్నాడు. సూర్యుని మీద మచ్చలు సుమారు పదకొండేళ్ళకు వొకసారి బాగా తగ్గుతాయి. అవి తగ్గినప్పుడు దక్షిణ భారతంలో వానలు తగ్గుతాయి. వానలు తగ్గితే కరువు వస్తుంది. అంటే కడప కూలివాని చావుకు కారణం తొమ్మిది కోట్ల మైళ్ళ దూరాన వుందన్న మాట.

హంటర్‌ను ఎగతాళి చేయడం నా వుద్దేశం కాదు. వొక ప్రతిపాదన చేసి దానికి లెక్కలు చూపడం శాస్త్రం చేయవలసిన పనే. ఆ ప్రతిపాదన నిలవదని తేల్చింది కూడా శాస్త్రమే. భారత వాతావరణ శాఖను నడిపిన గిల్బర్ట్ వాకర్ 20వ శతాబ్ది తొలి దశాబ్దాలలో దేశదేశాల లెక్కలు పోల్చి చూశాడు. మచ్చలను నమ్ముకొని మన వానలను ముందుగా చెప్పడం సాధ్యం కాదని తేలింది. ఆయన వెతుకుతూ పోయిన దారిలోనే పసిఫిక్ మహాసముద్రం మీద గాలి పీడనాల వూగిసలాట బయటపడింది. 1876-78 అనావృష్టి వెనుక బలమైన ఎల్ నినో వున్నదని మనకు యివాళ తెలుసు.

కాని వానలు పడకపోవడం వేరు, మనుషులు చావడం వేరు. ఆ కరువులో 50 లక్షల మందికి పైగా చనిపోయారు. అదే కాలంలో యీ దేశపు రేవుల నుంచి ధాన్యం ఎగుమతి అవుతూనే వచ్చింది. కరువు పనుల ఖర్చు తగ్గించడానికి వైస్రాయి లిట్టన్ పంపిన రిచర్డ్ టెంపుల్, మగ కూలికి రోజుకు వొక పౌను ధాన్యం, వొక అణా చాలునన్నాడు. ఆ తిండితో పని చేసే మనిషి బ్రతకడని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ వాదించాడు. మనిషికి ఎంత తిండి కావాలన్న విషయం మీద రెండు సర్కారీ కార్యాలయాలు కాగితాలు నడుపుతుండగా రోడ్డు పనుల మీద కూలీలు రాలిపోయారు. 1880 నాటి కరువు కమిషన్ సైతం వొక సంగతి వొప్పుకోక తప్పలేదు: అనావృష్టి మొదట చేసే పని పొలం పనులు ఆపి కూలిని లేకుండా చేయడం. గింజలు లేక కాదు, గింజలు కొనే డబ్బు లేక జనం చచ్చారన్న మాట.

సూర్యుని మచ్చల మీద యీ మోజు కరువు దగ్గరే ఆగలేదు. యింగ్లండు ఆర్థిక శాస్త్రవేత్త స్టాన్లీ జెవన్స్ ఆ రోజులలోనే వ్యాపార సంక్షోభాలకు కూడా యీ మచ్చలే కారణమన్నాడు. మచ్చల వలన భారతదేశంలో పంటలు పోతాయట. పంటలు పోతే యిక్కడి రైతు యింగ్లీషు బట్ట కొనలేడట. కనుక అక్కడి మిల్లు మూతపడుతుందట. పెట్టుబడిదారీ విధానానికి పదేళ్ళకొకసారి వచ్చే రోగానికి మూలం ఆ విధానంలో కాక ఆకాశంలో దొరికింది!

1900లో రమేశచంద్ర దత్తు కర్జన్ ప్రభువుకు బహిరంగ లేఖలు వ్రాసి, కరువులలో రైతు చావడానికి భూమిశిస్తు భారమే కారణమని లెక్కలతో వాదించాడు. 1902లో ప్రభుత్వం వొక పెద్ద తీర్మానం ప్రకటించి, కరువుకు కారణం వానలు లేకపోవడమే గాని శిస్తు కాదని సమాధానమిచ్చింది. పైకి యిది కారణాన్ని గురించిన చర్చ. లోపల జరుగుతున్నది శిస్తు తగ్గించాలా వద్దా అన్న తగవు. కారణం ఆకాశంలో వుంటే శిస్తు తగ్గించనక్కరలేదు. కచేరీలో వుంటే తగ్గించాలి. కారణాన్ని గూర్చిన వాదం ఎక్కడ జరిగినా, దాని అడుగున బాధ్యతను గూర్చిన వాదం జరుగుతూ వుంటుంది. యీ సంగతి మనసులో పెట్టుకొని శీతోష్ణస్థితి మార్పును గురించి మన కాలంలో నడిచిన చర్చను చూద్దాం.

ఆ విషయంలో శాస్త్రం నిన్న మొన్న పుట్టింది కాదు. బొగ్గుపులుసు వాయువు, అనగా యిప్పుడు మనం కార్బన్ డయాక్సైడ్ అనేది, వేడిని పట్టి వుంచుతుందని 1859లో జాన్ టిండాల్ ప్రయోగం చేసి చూపాడు. గాలిలో అది రెట్టింపయితే భూమి అయిదారు డిగ్రీలు వేడెక్కుతుందని 1896లో స్వీడను దేశస్థుడు అరీనియస్ లెక్క కట్టాడు. 1938లో కాలెండర్ అనే ఆవిరి యంత్రాల యింజనీరు, భూమి అప్పటికే వేడెక్కుతున్నదనీ దానికి బొగ్గు కాల్చడం కారణమనీ లండనులో వాతావరణ శాస్త్రజ్ఞుల సభలో చెప్పాడు. వారు మర్యాదగా విన్నారు కాని నమ్మలేదు. వారి అనుమానాలు న్యాయమైనవే. సముద్రం ఆ వాయువును పీల్చుకోదా? గాలిలోని నీటి ఆవిరి యిప్పటికే ఆ వేడిని పట్టివేయడం లేదా? యీ ప్రశ్నలకు పరిశోధన వొక్కొక్కటిగా సమాధానం చెప్పింది. సముద్రం అనుకున్నంత త్వరగా పీల్చుకోలేదని 1957లో రెవెల్, స్యూస్ చూపారు. 1958 నుంచి కీలింగ్ హవాయి దీవిలోని కొండ మీద గాలిని కొలుస్తూ వచ్చాడు. ఆనాడు పది లక్షల పాళ్ళలో 315 పాళ్ళున్న వాయువు యివాళ 420 పాళ్ళు దాటింది. సమాధానం దొరికిన అనుమానం తప్పుకుంది. నిజాయితీ గల అనుమానం లక్షణమే అది.

రెండవ రకం అనుమానం కథ వేరు. అది తెలియనితనంలో పుట్టలేదు, తెలిసినతనంలో పుట్టింది. 1959లో అమెరికా చమురు పరిశ్రమ నూరేళ్ళ పండుగ చేసుకుంటున్నప్పుడు, భౌతిక శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ టెల్లర్ ఆ సభలోనే యీ ప్రమాదాన్ని వారికి చెప్పాడు. టెల్లర్ హైడ్రోజన్ బాంబు మనిషి, వామపక్షంవాడు కాడు. 1965లో అమెరికా అధ్యక్షుని శాస్త్ర సలహా సంఘం తన నివేదికలో హెచ్చరించింది. ఆ హెచ్చరికను చమురు కంపెనీల సంఘం అధ్యక్షుడు స్వయంగా తన సభ్యులకు వివరించాడు. 1977లో ఎక్సాన్ కంపెనీ పెద్దలకు వారి శాస్త్రజ్ఞుడు జేమ్స్ బ్లాక్ యిదే విషయం విశదపరిచాడు. ఆ కంపెనీ లోపల వేసుకున్న అంచనాలను తర్వాతి వుష్ణోగ్రతలతో 2023లో పరిశోధకులు పోల్చి చూస్తే, అందులో చాలా భాగం సరిపోయాయి.

1988 జూన్‌లో జేమ్స్ హాన్సెన్ అమెరికా సెనేటు సంఘం ముందు, భూమి వేడెక్కడం మొదలయిందని సాక్ష్యం చెప్పాడు. ఆ యేడే ఐక్యరాజ్య సమితి ఆధ్వర్యంలో శాస్త్రజ్ఞుల అంతర్జాతీయ సంఘం ఏర్పడింది. మాట ల్యాబొరేటరీ దాటి చట్టసభకు వచ్చింది, అంటే పన్నుల దాకా, లాభాల దాకా వచ్చింది. మరుసటి యేడే చమురు, బొగ్గు, మోటారు కంపెనీలు ‘గ్లోబల్ క్లైమేట్ కొయలిషన్’ అనే సంఘం పెట్టుకున్నాయి. అదే 1989లో వాషింగ్టన్‌లోని మార్షల్ ఇన్‌స్టిట్యూట్ వొక నివేదిక అచ్చు వేసింది. భూమి వేడెక్కడానికి ముఖ్య కారణం సూర్యుడే కావచ్చునని దాని సారాంశం. హంటర్ తర్వాత నూట పన్నెండేళ్ళకు నేరం మళ్ళీ సూర్యుని మీదనే పడింది. ఆ నివేదిక కర్తలలో వొకడు ఫ్రెడరిక్ సైట్జ్, పేరున్న భౌతిక శాస్త్రజ్ఞుడు. అంతకు ముందు వొక పెద్ద పొగాకు కంపెనీ పరిశోధనకు యిచ్చే డబ్బు పంపకాన్ని చూసినవాడు. సిగరెట్టుకూ క్యాన్సర్‌కూ గల సంబంధం యింకా తేలలేదని జనం అనుకుంటూ వుంటే చాలునన్న పాఠాన్ని పొగాకు వ్యాపారం అంతకు ముందే నేర్చి వుంది.

హంటర్ ప్రతిపాదనలాగే దీన్నీ శాస్త్రం పరీక్షించింది. సూర్యుని నుంచి వచ్చే శక్తిని 1978 నుంచి వుపగ్రహాలు కొలుస్తున్నాయి. అది పెరుగుతూ పోవడం లేదు. సూర్యుడే కారణమైతే గాలి పై పొరలు కూడా వేడెక్కాలి. కింది పొర వేడెక్కుతుంటే పై పొరలు చల్లబడుతున్నాయి. దుప్పటి కప్పుకున్నవాని లోపలి వేడి బయటికి పోనట్లు. పైగా కోట్ల యేళ్ళ నాటి బొగ్గు, చమురులలో వుండే కర్బనాన్ని దాని గుర్తులను బట్టి గాలిలో పోల్చి పట్టుకోవచ్చు. సూర్యుడు నిర్దోషి.

అయినా వాదం చావలేదు. ఎందుకంటే దాన్ని నడిపినవారికి కావలసింది గెలుపు కాదు, వాయిదా. 1991లో అమెరికా బొగ్గు, విద్యుత్తు వ్యాపార సంఘాలు కొన్ని కలిసి వొక ప్రచారం ప్రారంభించాయి. భూమి వేడెక్కడాన్ని రుజువైన విషయంగా కాక వొక సిద్ధాంతంగా జనం ముందు నిలబెట్టాలన్నది లక్ష్యమని వారి కాగితాలలోనే వుంది. ఎవరికి చెప్పాలో కూడా వ్రాసుకున్నారు: చదువు తక్కువైన పెద్ద వయసు మగవారికి, ఆదాయం తక్కువైన యువతులకు. పేదవాని చదువులేమి కూడా వారి లెక్కలో వొక ముడిసరుకే. కంపెనీల కొయలిషన్‌కు సలహా చెప్పే శాస్త్రజ్ఞులు 1995లో వొక చిత్తు పత్రం తయారుచేశారు. యీ వాయువుల వలన భూమి వేడెక్కుతుందన్న మూల సూత్రం కాదనలేనిదని అందులో వొప్పుకున్నారు. బయట మాత్రం ప్రచారం సాగింది. ఆ కాగితం సంగతి 2009లో గాని లోకానికి తెలియలేదు.

వాదం మెట్టు మెట్టుగా దిగుతూ రావడం గమనించాలి. మొదట వేడెక్కడమే లేదన్నారు. తర్వాత వేడెక్కుతోంది గాని కారణం మనిషి కాదన్నారు. తర్వాత కారణం మనిషే గాని ప్రమాదమేమీ లేదన్నారు. చివరకు ప్రమాదమే గాని ఖర్చు భరించలేమన్నారు. ఏ మెట్టు మీద నిలబడినా చేయవలసిన పని వొక్కటే: ఏమీ చేయకపోవడం. 1997లో అమెరికా సెనేటు 95 వోట్లతో, వొక్క వ్యతిరేక వోటూ లేకుండా, వెనుకబడిన దేశాల మీద కూడా ఆంక్షలు పెట్టని వొడంబడికకు తాము వొప్పుకోమని తీర్మానించింది. యింతకాలం సూర్యుని మీద వున్న నేరం యిప్పుడు యిండియా మీదికి, చైనా మీదికి తిరిగింది.

యీ ఎత్తును మన దేశంలో ముందే పసిగట్టినవారున్నారు. 1991లో ఢిల్లీలో అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ వొక చిన్న పుస్తకం వెలువరించారు. వరిమడిలో పుట్టే వాయువునూ షోకు కారు వదిలే పొగనూ వొకే తక్కెడలో తూచడం అన్యాయమనీ, వొకటి బ్రతుకు కోసం, రెండవది విలాసం కోసమనీ వారు వాదించారు. ఆ మాట నేటికీ నిజం. పారిశ్రామిక విప్లవం నుంచి బొగ్గు, చమురు కాల్చడం వలన గాలిలో చేరిన బొగ్గుపులుసు వాయువులో సుమారు నాలుగో వంతు అమెరికాది. మానవజాతిలో ఆరో వంతుకు పైగా వున్న మన వాటా నూటికి మూడు నాలుగు పాళ్ళు.

కాని మన వైపు కూడా వొక ప్రమాదం వుంది, దాన్ని చెప్పకపోతే యీ వ్యాసం సగం నిజమే చెప్పినట్లు. దేశం పేరు చెప్పి మన ధనికుడు మన పేదవాని నీడలో నిలబడుతున్నాడు. దేశపు లెక్కను జనాభాతో భాగించినప్పుడు ఏ.సి. గదీ, తాటాకు గుడిసే వొకటే అయిపోతాయి. 2024-25లో మనం 100 కోట్ల టన్నులకు పైగా బొగ్గు తవ్వాం. ఆ బొగ్గు మీద కొత్తగూడెంలో, రామగుండంలో వేల కుటుంబాల అన్నం ఆధారపడి వుంది. గని మూసినప్పుడు ఆ కార్మికుని సంగతేమిటని అడగవలసింది మనమే. మనం అడగకపోతే ఆ ప్రశ్నను గని యజమాని తన కోసం వాడుకుంటాడు. సోషలిస్టు శిబిరం అనుభవం కూడా చెప్పుకోవాలి. లెనిన్‌గ్రాడ్ శాస్త్రజ్ఞుడు బుడీకో 1970ల తొలినాళ్ళలోనే భూమి వేడెక్కబోతున్నదని వ్రాశాడు. అయినా అక్కడి పొగగొట్టాలు ఆగలేదు. గనిని జాతీయం చేసినంత మాత్రాన పొగ స్వభావం మారదు.

2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాలలో ఎండ వేడికి 2,000 మందికి పైగా చనిపోయారు. నీడ పట్టున వుండే స్తోమత లేని కూలీలూ ముసలివాళ్ళూ వారిలో ఎందరో. వడదెబ్బ అన్నాం, ఎండ కొట్టిందన్నాం. మన మాటలలో కూడా కొట్టినవాడు సూర్యుడే. 1877లో వానను ఆపినవాడు మనిషి కాదు, గింజను ఆపినవాడు మనిషి. యీనాడు ఎండకే మనిషి చేయి తోడయింది. ఆ ఎండలో ఎవరు పని చేయవలసి వస్తుందో నిర్ణయించేది కూడా మనిషే. కనుక మన విద్యార్థి యీ చర్చను చదివేటప్పుడు శాస్త్రజ్ఞులు ఏమన్నారో తెలుసుకోవడంతో ఆగకూడదు. ఎవరు ఎప్పుడు తెలుసుకున్నారు, తెలిసి ఎవరు వాయిదా వేయించారు, ఆ వాయిదా కాలంలో ఏ వూళ్ళో ఏ కూలి చనిపోయాడు అని కూడా అడగాలి. దత్తు అడిగిన ప్రశ్న యిదే. కర్జన్ దానికి వానను సాక్ష్యం పిలిచాడు. మనం మళ్ళీ ఆ సాక్ష్యాన్ని వొప్పుకోనక్కరలేదు.